ఆరేళ్లుగా షెడ్డులో ఉన్న నాన్న మారుతి 800: తాళం తిప్పేముందు ఏం చేయాలి?

అల్లూరు_వరిచేను | జనవరి 18, ఆదివారం

అందరికీ నమస్కారం. పండక్కి ఊరొచ్చాను. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్క ఊరు, సముద్రం దగ్గరే. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్న మారుతి 800 ఉంది. 1996 మోడల్, కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేది) ఉన్న బండి, నాలుగు గేర్లు, ఏపీ 26 నంబరు. 2019 చివర్లో నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. డాక్టరు కొన్నాళ్లు డ్రైవింగ్ వద్దన్నారు. ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. ఆ కొన్నాళ్లు ఆరేళ్లయ్యాయి. నేనేమో హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి, దుమ్ము తుడిచి వెళ్లిపోయేవాణ్ణి.

నన్ను కావలి జవహర్ భారతిలో డిగ్రీలో చేర్చడానికి తీసుకెళ్లింది ఈ బండిలోనే. డిక్కీలో ట్రంకు పెట్టె, వెనక సీట్లో బియ్యం మూట. దీన్ని పాత ఇనుముకి వేయడం నాకు చేతకాదు.

ఇప్పటి పరిస్థితి ఇది. నాలుగు టైర్లలో గాలి లేదు. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంది, బండి అంగుళం కూడా కదలడం లేదు. బ్యాటరీ మీద తెల్లగా పొంగింది. ట్యాంకులో కొంత పెట్రోల్ ఉంది, ఎప్పటిదో తెలియదు. బానెట్ ఎత్తితే ఎలుకల వాసన. మా బావ కొత్త బ్యాటరీ తెచ్చేశాడు, సెల్ఫ్ కొడదాం రా అంటున్నాడు. నాన్న మాత్రం "తొందర పడొద్దు" అంటున్నారు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో చెప్పండి. నాకు 20 రోజుల సెలవుంది.

కోవూరు_పెన్న | జనవరి 18

మీ నాన్నగారి మాట వినండి. ముందు తాళంచెవి తీసి ఇంట్లో పెట్టేయండి. ఎందుకో రాత్రికి తీరిగ్గా రాస్తాను.

ఒంగోలు_రోడ్డు | జనవరి 18

అంత భయపడాల్సిందేం లేదు బ్రదర్. మా మామయ్య బండి టంగుటూరులో మూడేళ్లు ఉంది. బ్యాటరీ పెట్టి, రెండు లీటర్లు కొత్త పెట్రోల్ పోస్తే నాలుగో సెల్ఫ్‌కి అందుకుంది. మారుతి 800 మొండి ఇంజిన్. ఊరికే టెన్షన్ పెట్టుకోవద్దు.

ఆటోనగర్_స్పానర్ | జనవరి 18

అల్లూరు తమ్ముడికి. నెల్లూరు ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా నాకు ఇదే పని. ఒంగోలు తమ్ముడు చెప్పినట్టు కొన్ని బండ్లు అలా స్టార్ట్ అవుతాయి, కాదనను. కానీ నా దగ్గరికి వచ్చేవి అలా స్టార్ట్ చేయబోయి పాడుచేసుకున్నవి. మీది సముద్రం గాలి తగిలే ఊరు, పైగా చుట్టూ రొయ్యల గుంటలు. టంగుటూరు మూడేళ్లూ మీ ఆరేళ్లూ ఒకటి కావు.

ఇంజిన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. ఆ సందులోంచి చెమ్మ గాలి లోపలికి పోతుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగు బోర్ (సిలిండర్ లోపలి గొట్టం) గోడకి తుప్పుతో అతుక్కుంటుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే మోటార్ బలమంతా ఆ రింగు మీద పడుతుంది. రింగు విరగడమో, బోర్ గీసుకుపోవడమో జరుగుతుంది. పది రూపాయల నూనెతో పోయే పని బోర్‌ని మళ్లీ కోయించే బోరింగ్ దాకా వస్తుంది.

అందుకని మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. విప్పేముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి, లేకపోతే అది బోర్‌లో పడుతుంది. ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, కింద క్రాంక్ పుల్లీ బోల్ట్‌కి స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే వైపే చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే దేవుడి దయ. తిరక్కపోతే స్పానర్‌కి పైపు తొడిగి బలం పెట్టొద్దు. మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి.

ఇంకో మాట. మీరు ఇంజిన్ గురించే అడుగుతున్నారు. బండి స్టార్ట్ కాకపోతే షెడ్డులో ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. స్టార్ట్ అయ్యాక ఆగకపోతేనే ప్రమాదం. కాబట్టి ఆయిల్ నానే ఈ రెండు రోజులూ బ్రేకుల పని మొదలుపెట్టండి.

కోవూరు_పెన్న | జనవరి 18, రాత్రి

ఇప్పుడు నా కథ. 2021 నవంబర్‌లో పెన్నకి వరద వచ్చింది గుర్తుంది కదా. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. మా వీధిలోకి ఒక్క రాత్రిలో నీళ్లొచ్చాయి. కారు బానెట్ దాకా మునిగింది.

నీళ్లు తీశాక పది రోజులు ఎండలో పెట్టాను. పైకి అంతా ఆరింది. ఆత్రం ఆపుకోలేక సెల్ఫ్ కొట్టాను. ఠప్‌మని ఒక్క శబ్దం, అంతే. ఎయిర్ ఫిల్టర్ దారిలో సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉన్నాయి. గాలి నలుగుతుంది కానీ నీళ్లు నలగవు కదా, పిస్టన్‌ని కింద పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూసుంటే పాలు కలిపిన కాఫీ రంగులో ఆయిల్ కనిపించేది. చూడలేదు. ఆ బండి ఇక లేవలేదు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు కొన్న బండి అది. ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

మీ బండి మునగలేదు కాబట్టి అంత భయం లేదు. అయినా డిప్‌స్టిక్ చూడండి, రేడియేటర్ మూత తీసి చూడండి. ఆ తర్వాతే ఏదైనా.

అల్లూరు_వరిచేను | జనవరి 19

డిప్‌స్టిక్ చూశాను అన్నా. నల్లగా ఉంది, కాఫీ రంగు లేదు. రేడియేటర్‌లో నీళ్లు సగమే ఉన్నాయి, తుప్పు రంగు. తాళంచెవి నాన్న దగ్గరే పెట్టాను. బావకి మీ పోస్టు చదివి వినిపించాను, ఇంక మాట్లాడలేదు.

లెక్కల_టీచరు | జనవరి 19

తమ్ముడూ, ఒక సందేహం. 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండి నడపకూడదంటారు కదా? 1996 అంటే 30 ఏళ్లు. ఇంత కష్టపడ్డాక రోడ్డెక్కనివ్వకపోతే ఎలా? అది ముందు తేల్చుకుంటే మంచిది.

చీమకుర్తి_గ్రానైట్ | జనవరి 19

అక్కా, ఆ 15 ఏళ్ల నిషేధం సంగతి ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర సొంత కారుకి మొదట 15 ఏళ్లకి రిజిస్ట్రేషన్ ఇస్తారు. తర్వాత బండి ఫిట్‌గా ఉంటే ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. ఆ లెక్కన 2011, 2016, 2021. 2021లో చేయించి ఉండరు కాబట్టి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు అయిపోయినట్టే. రెన్యువల్‌కి ఫారం 25 పెట్టాలి. ఫీజు మాత్రం పెరిగింది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకి కేంద్రం పెట్టిన ఫీజు 10,000 రూపాయలు. అంతకుముందు 5,000 ఉండేది. ఆలస్యానికి అదనంగా పడుతుంది, పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. నెల్లూరు ఆర్టీవో ఆఫీసులో ఒకసారి మొత్తం లెక్క అడిగి రాయించుకోండి.

ఇన్సూరెన్స్ కూడా పోయి ఉంటుంది. కనీసం థర్డ్ పార్టీ లేకుండా రోడ్డెక్కకూడదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ లేకుండా "ట్రయల్" అని అల్లూరు సెంటర్ దాకా వెళ్లొద్దు. ఆ పది నిమిషాల్లోనే ఏదైనా జరిగితే ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది. తనిఖీకి టో బండి మీద తీసుకెళ్లండి.

ఆర్‌సీ నాన్నగారి పేరు మీదే ఉందా? మా ఇంట్లో మా నాన్న పోయాక బండి అలాగే వదిలేశాం. తర్వాత బండిని వారసుల పేరుకి మార్చే ఫారం 31, వారసుల పత్రాలు, తమ్ముళ్ల సంతకాలు అంటూ ఎనిమిది నెలలు తిరిగాను. నాన్నగారు ఉండగానే కాగితాలు సరిచేసుకోండి.

అల్లూరు_వరిచేను | జనవరి 19

నాన్న పేరు మీదే ఉంది సార్. రేపే నెల్లూరు వెళ్లి కనుక్కుంటాను. డబ్బు ఖర్చవుతుందని తెలిసే మొదలుపెట్టాను, పర్వాలేదు.

అల్లూరు_వరిచేను | జనవరి 21

రెండు రోజుల పని చెబుతాను.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపలంతా ఎలుక గూడు. ఎండుగడ్డి, చిరిగిన గుడ్డ పేలికలు, వేరుశనగ తొక్కలు. సైలెన్సర్ పైప్ పక్కన కూడా గడ్డి కుక్కి ఉంది. బావ చెప్పినట్టు స్టార్ట్ చేసి ఉంటే అక్కడే అంటుకునేది. గ్లవ్స్ వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని అంతా తీశాను. హెడ్‌లైట్ వైర్లు రెండు కొరికేసి రాగి బయటికి కనిపిస్తోంది.

ప్లగ్గుల్లో రెండు నల్లగా ఉన్నాయి, మూడోది తుప్పు రంగులో ఉంది. ఆయిల్ పోశాను. ఇవాళ సాయంత్రం స్పానర్ వేశాను. మొదట కదల్లేదు, గుండె ఆగినంత పనైంది. బలం పెట్టకుండా కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఆడించాను. ఐదారు నిమిషాలకి మెత్తగా కదిలింది. తర్వాత పూర్తిగా ఒక చుట్టు, రెండు చుట్లు. నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. చూపు సరిగా ఆనకపోయినా శబ్దం వింటున్నారు. "మూడోది పట్టింది, ఇప్పుడు వదిలింది" అన్నారు. తుప్పు ప్లగ్గు ఆ మూడో సిలిండర్‌దే.

ఆటోనగర్_స్పానర్ | జనవరి 21

మంచి మాట చెప్పావు తమ్ముడూ. మీ నాన్నగారి చెవికి నా నమస్కారం.

ఇప్పుడే బ్యాటరీ జోలికి పోవద్దు. పాత ఇంజిన్ ఆయిల్ తీసేసి, ఫిల్టర్ మార్చి, కొత్తది పొయ్యి. ఈ బండికి 20డబ్ల్యూ-40 రకం ఆయిల్ సరిపోతుంది. టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో కలిపి వాల్వ్‌లని ఆడించే పళ్ల బెల్ట్) కవర్ విప్పు. బెల్ట్ పైకి బాగున్నట్టే కనిపిస్తుంది, వంచి చూస్తే పళ్ల సందుల్లో సన్నగా చీలికలుంటాయి. ఆరేళ్ల బెల్ట్‌ని నమ్మొద్దు, మార్చెయ్. పక్కనే కాబట్టి వాటర్ పంప్ కూడా చూడు.

పెట్రోల్ సంగతి. ట్యాంకు మూత తీసి వాసన చూడు. పెట్రోల్ వాసన కాకుండా వార్నిష్ వాసన వస్తే అది చచ్చిపోయినట్టే. తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురవుతుంది. ఆ జిగురు కార్బొరేటర్ జెట్‌లో పడితే రంధ్రం మూసుకుపోతుంది. పైగా మన పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలో చెమ్మని లాగుతుంది. ఆ నీళ్లు ట్యాంకు అడుక్కి చేరి రేకుని తినేస్తాయి. దాంట్లో కొత్త పెట్రోల్ కలిపితే బాగుపడదు. ట్యాంకు దించి, మొత్తం తీసేసి, లోపల తుప్పు ఉందో లేదో టార్చితో చూడు. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు. తీసిన పెట్రోల్ కాలవలో పోయొద్దు, మీవి వరి చేలు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో ఇథనాల్ 20 శాతం. 1996 బండి రబ్బర్లు దానికోసం చేసినవి కావు. పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వెయ్. పెట్రోల్ పంప్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్), కార్బొరేటర్ కిట్టు కూడా కొత్తవే వెయ్. పాత రబ్బరు కారితే కింద వేడి ఇంజిన్ ఉంటుంది.

ఒంగోలు_రోడ్డు | జనవరి 22

సార్, ఒక మాట. మొదట నేను తేలిగ్గా మాట్లాడాను. మీ పోస్టు చదివాక మామయ్య బండి పెట్రోల్ పైప్ చేత్తో నొక్కి చూశాను. గోరు తగిలితే పొడిలా రాలింది. దాంతోనే నిన్నటిదాకా ఒంగోలు నుంచి సింగరాయకొండ తిరిగారు. ఇవాళే మార్పించాం.

లెక్కల_టీచరు | జనవరి 22

టైర్లకి గాలి కొడితే సరిపోతుందా? గీతలు లోతుగానే ఉంటాయి కదా, ఎక్కువ తిరగని బండి.

కోవూరు_పెన్న | జనవరి 22

సరిపోదండీ. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని ఉన్న చోట చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 3214 అంటే 2014లో 32వ వారం. గీతలు ఎంత లోతున్నా రబ్బరు వయసు రబ్బరుదే. గాలి లేకుండా ఒకే చోట బరువు మోస్తే లోపలి దారాలు కూడా మడిచిన చోట దెబ్బతింటాయి. హైవే మీద ఎండకి పేలేవి అవే.

అల్లూరు_వరిచేను | జనవరి 22

నావి 2213 అన్నా. పక్కగోడంతా పగుళ్లు. నాలుగూ, స్టెప్నీ కూడా మార్చేస్తున్నాను. 12 అంగుళాల సైజు నెల్లూరులో రెండో షాపులోనే దొరికింది.

అల్లూరు_వరిచేను | జనవరి 27

బ్రేకుల పని అయిదు రోజులు పట్టింది. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

వెనక చక్రాలు రెండూ పట్టేశాయి. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేయడం వల్ల బ్రేక్ షూ డ్రమ్‌కి అతుక్కుపోయింది. కింద జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు, వాటి పక్కన టేకు దుంగలు కూడా పెట్టాం. డ్రమ్ అంచు చుట్టూ తుప్పు వదిలే నూనె కొట్టి, చెక్క సుత్తితో చుట్టూతా మెల్లగా తడుతూ కూర్చున్నాను. కుడి వైపుది ఆ రోజే వచ్చింది. ఎడమది మూడో రోజు వచ్చింది. లోపల లైనింగ్ ఊడి డ్రమ్‌కే అంటుకుని ఉంది. వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేక్ షూని నెట్టేది) రబ్బరు వెనక తుప్పు నీళ్లు. చూడగానే ఒళ్లు జలదరించింది. ఇంజిన్ స్టార్ట్ అయ్యిందన్న సంతోషంలో అలాగే గేరు వేసి ఉంటే?

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని నెట్టేది), వెనక వీల్ సిలిండర్లు కొత్తవి. షూలు కొత్తవి. ముందు చక్రాల బ్రేకు క్యాలిపర్ పిస్టన్లు విప్పి శుభ్రం చేసి కొత్త రబ్బర్లు వేయించాం. ఇనుప పైపు ఒక చోట ఉప్పు గాలికి పొలుసులు లేచి ఉంటే అదీ మార్చాం. పాత బ్రేక్ ఫ్లూయిడ్ టీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్త సీసా మూత తెరిచింది తెరిచినట్టే వాడేశాం, అది గాలిలో చెమ్మ పీలుస్తుందని మెకానిక్ చెప్పాడు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ పని నేను ఒక్కణ్ణే చేయలేదు. కావలి నుంచి ఒక మెకానిక్‌ని ఇంటికే పిలిపించాను. బ్రేకులు యూట్యూబ్ చూసి చేసే పని కాదని నాకు అర్థమైంది.

ట్యాంకు అడుగున చిన్న చిల్లు, అక్కడ చేయి పెడితే పొడి. వేరే ట్యాంకు దొరికింది. క్లచ్ కూడా పట్టి ఉంది, పెడల్ తొక్కినా ప్లేటు వదలడం లేదు. దానికేం చేయాలి సార్?

ఆటోనగర్_స్పానర్ | జనవరి 27

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) అతుక్కుంది. కంగారు లేదు. ఇంజిన్ నడిచి వేడెక్కాక చాలావరకు అదే వదులుతుంది. పెడల్ తొక్కి, దానికీ సీటుకీ మధ్య కర్ర అడ్డం పెట్టి రాత్రంతా ఉంచు. మర్నాటికీ వదలకపోతే గేర్‌బాక్స్ దించడమే.

స్టార్ట్ చేసే రోజుకి కొన్ని జాగ్రత్తలు. బండిని షెడ్డులోంచి చేత్తో బయటికి తోసి ఆరుబయట స్టార్ట్ చెయ్. మూసిన షెడ్డులో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. ప్లగ్గులు పెట్టకుండా, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్ వైరు తీసేసి, పెట్రోల్ పైపు మూసి, సెల్ఫ్ పది సెకన్లు కొట్టి ఆపు. మళ్లీ కొట్టు. డ్యాష్‌బోర్డులో ఆయిల్ దీపం ఆరేదాకా అంతే. అప్పుడు ఆయిల్ పైదాకా ఎక్కిందని నమ్మకం. ఆ తర్వాత ప్లగ్గులు. పక్కన ఒకరు నిప్పులు ఆర్పే సిలిండర్‌తో నిలబడాలి. లేకపోతే కనీసం రెండు బకెట్ల పొడి ఇసుక ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయొద్దు.

అల్లూరు_వరిచేను | ఫిబ్రవరి 1, ఆదివారం

నడిచింది!

ఉదయం ఆరున్నరకి బండిని కళ్లంలోకి తోశాం. ఊళ్లో సగం మంది వచ్చారు. ఆయిల్ దీపం ఐదోసారికి ఆరింది. ప్లగ్గులు పెట్టాక నాన్న చోక్ (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి లాగే మీట) ఎంత లాగాలో చెప్పారు, "మొత్తం లాగు, అందుకోగానే సగానికి తొయ్యి" అని. మూడో సెల్ఫ్‌కి దగ్గింది. నాలుగోసారికి అందుకుంది. మొదట నీలం పొగ బాగా వచ్చింది, పోసిన ఆయిల్ కాలడం వల్ల. పది నిమిషాలకి తగ్గింది. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర ఆగింది, ఫ్యాన్ తనంతట తానే తిరిగింది. పెట్రోల్ పైపుల జాయింట్లన్నీ టార్చితో చూశాం, ఎక్కడా తడి లేదు. మెకానిక్ వరసగా పదిసార్లు బ్రేకు తొక్కించాడు, పెడల్ గట్టిగా ఉంది. క్లచ్ మధ్యాహ్నానికి వదిలింది. కర్ర కిటుకు పని చేసింది సార్.

కళ్లంలోనే మొదటి గేరులో రెండు చుట్లు తిప్పాను. నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టాను. ఆయన చేయి అలవాటుగా గేరు రాడ్ మీదికి వచ్చింది. నేను క్లచ్ తొక్కాను, ఆయన రెండో గేరు వేశారు. ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక బానెట్ మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డారు. అమ్మ నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టింది.

ఖర్చు కూడా చెబుతాను. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ట్యాంకు, బెల్ట్, వైరింగ్, కూలీ అన్నీ కలిపి 38 వేలు దాటింది. కాగితాల ఖర్చు ఇంకా ఉంది. ఆర్టీవో ఆఫీసులో లెక్క రాయించుకున్నాను. రేపు ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి బండి చూసుకోవడానికి వస్తాడు. మంగళవారం టో బండి మీద నెల్లూరు.

కోవూరు_పెన్న | ఫిబ్రవరి 1

చదువుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి తమ్ముడూ. నా బండికి జరగనిది మీ బండికి జరిగింది. ఆర్‌సీ చేతికొచ్చాక కోవూరు మీదుగా వెళ్తే మా ఇంటి ముందు ఒకసారి ఆపండి. నాన్నగారికి కాఫీ ఇస్తాం.

ఆటోనగర్_స్పానర్ | ఫిబ్రవరి 1

సంతోషం. 500 కిలోమీటర్లు తిరగ్గానే ఈ ఆయిల్ మళ్లీ మార్చెయ్, లోపలి మురికి అంతా దాంట్లోకే దిగుతుంది. మొదటి నెల పెట్రోల్ ఫిల్టర్ వారానికోసారి చూడు. నువ్వు హైదరాబాద్ వెళ్లాక ఎవరో ఒకరు పది రోజులకోసారి అరగంట నడపాలి. నిలబెట్టి స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదు, సైలెన్సర్‌లో నీళ్లు చేరతాయి. బ్రేకు కూడా కదలాలి. షెడ్డులో పెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు. గేరులో ఉంచి చక్రాల కింద చెక్కలు పెట్టు.

అల్లూరు_వరిచేను | ఫిబ్రవరి 1

బావ నడుపుతానన్నాడు సార్. నాన్న పక్కన కూర్చుంటారు.

సింగరాయకొండ_స్టేషన్ | ఫిబ్రవరి 3

ఈ చర్చ మొత్తం ఇవాళే చదివాను. మా తాతయ్య ప్రీమియర్ పద్మిని మా పాత ఇంట్లో 12 ఏళ్లుగా ఉంది. పైకప్పు మీద చింతచెట్టు ఆకులు రాలి రాలి రేకు చాలాచోట్ల తుప్పు పట్టింది. దాన్ని కూడా లేపొచ్చా? తాళంచెవి దొరకలేదు.

ఆటోనగర్_స్పానర్ | ఫిబ్రవరి 3

తాళంచెవి దొరక్కపోవడం మంచిదే అయింది బాబూ, ఎవరూ తిప్పి ఉండరు. ముందు ఆకులు తీసేసి, కింద ఫ్లోర్ రేకు, జాకీ పెట్టే చోటు, డోర్ల కింది అంచు ఫొటోలు తీసి పెట్టు. పద్మినికి ఇంజిన్ కంటే ఛాసిస్ రేకు ముందు చూడాలి. అది గట్టిగా ఉంటే మిగతాది మాట్లాడుకుందాం.